ముడి లేని మూట

ఆ ఉదయం ఆకాశం కురవాలా వద్దా అని తేల్చుకోలేనట్టు ఉంది. మబ్బు బాగా కిందికి దిగి ఆసుపత్రి నీళ్ళ ట్యాంకుకి ఆనుకుని నిలబడింది. గాలి లేదు. ఆసుపత్రి వెనక లాండ్రీ గొట్టంలోంచి వచ్చే ఆవిరి పైకి పోలేక కిటికీల దగ్గరే తచ్చాడుతోంది.

బట్టలు ఆరబెట్టే యంత్రాలు వచ్చి ఎన్నో ఏళ్ళయింది. అయినా లాండ్రీలో పనిచేసేవాళ్ళు లోపలికి అడుగు పెట్టేముందు ఒకసారి తలెత్తి ఆకాశం చూస్తారు. అది మెడకి పట్టిన అలవాటు. మడతన్న కూడా చూశాడు. చూసి, నీలం చొక్కా గుండీలు పెట్టుకుంటూ లోపలికి వెళ్ళాడు.

అతని అసలు పేరు జీతాల పుస్తకంలో తప్ప ఎక్కడా వినబడదు. దుప్పటి మడత పెడితే అంచు అంచుని వెతుక్కుంటూ వచ్చినట్టు కలుస్తుంది. అందుకే ఆ పేరు. లాండ్రీలో వాళ్ళు ముగ్గురు. ఉతికే యంత్రాల దగ్గర పొట్టి బాబాయి. అందరి మీదా పెద్దక్క. వార్డుల నుంచి మాసిన బట్టల మూటలు తెచ్చి, విప్పి, వేరు చేసి, ఉతికాక మడతపెట్టే పని మడతన్నది.

ఆ లాండ్రీకి ఒక పద్ధతి ఉంది. నడవ చివర హెచ్‌.ఐ.వి. పరీక్షలు చేసే గది నుంచి వారానికి రెండు దుప్పట్లు, నాలుగు తువ్వాళ్ళు వస్తాయి. వాటిని మడతన్న విడిగా మూట కట్టి, మీద రెండు ముళ్ళు వేస్తాడు. దాన్ని విప్పేటప్పుడు చేతికి రెండేసి గ్లౌజులు. బట్టలు కర్రతో ఎత్తి యంత్రంలో వేస్తారు. ఆసుపత్రి పెట్టిన నియమం కాదిది. మడతన్నే మొదలుపెట్టాడు, మిగతా ఇద్దరికీ ఆ ముడి నేర్పాడు. ఆ ముడి కనబడితే జాగ్రత్త. ముడి లేకపోతే వట్టి చేతులు.

"ఏరా మడతా, ఇవాళ బల్ల మీద ఎవరున్నారు?" అన్నాడు పొట్టి బాబాయి. పరీక్షల గది బయట, వచ్చినవాళ్ళు కూర్చునే బల్ల గురించి.

"టై కట్టుకున్నాయన ఒకడు. మొహానికి పేపరు అడ్డం పెట్టుకున్నాడు. పేపరు తలకిందులుగా ఉంది."

"అయ్యో పాపం! వార్తలన్నీ తలకిందులయ్యాయి కాబోలు."

ఇద్దరూ నవ్వారు. పెద్దక్క కూడా మొహం తిప్పుకుని నవ్వి, "చాల్లే సంబడం. నీళ్ళు కాగుతున్నాయి, మూటలు విప్పండి" అంది.

ముడి మూటని మూలకి నెట్టి, మడతన్న ప్రత్యేక గదుల మూట దగ్గరికి లాక్కున్నాడు. డబ్బున్నవాళ్ళు చేరే గదులవి. దుప్పట్లు తెల్లగా ఉంటాయి, మరకలు తక్కువ, వాసన రాదు. అందరికీ ఇష్టమైన మూట అది. అతను వట్టి చేతులతో దుప్పటి అంచు పట్టుకుని ఒక్క విదిలింపు విదిలించాడు.

చూపుడు వేలికి చురుక్కుమంది.

దుప్పటి మడతలో ఒక ఇంజెక్షన్ సూది. కొసన ఎండిన రక్తం, ఆవగింజంత. అతని వేలి మీద తడి రక్తం, మరో ఆవగింజంత. అతను ఆ రెండింటినీ కాసేపు చూశాడు. లోపల ఏమీ కదల్లేదు. యంత్రం తిరుగుతున్న చప్పుడు మాత్రం దూరంగా, ఎవరో పక్కింట్లో పనిచేసుకుంటున్నట్టు వినిపించింది.

సూదిని కిటికీ మీది రేకు డబ్బాలో వేశాడు. అందులో అంతకుముందు దొరికినవి పన్నెండు ఉన్నాయి. ఎవరూ పైవాళ్ళకి చెప్పలేదు. చెబితే గ్లౌజులు ఎందుకు వేసుకోలేదని తిట్లు పడతాయి.

తర్వాత అతను చేసిన పని లాండ్రీ మనిషి మాత్రమే చేయగలిగింది. ఏ మరకకి ఏ మందో అతనికి తెలుసు. రక్తం మరకకి తెలుసు, మందుల మరకకి తెలుసు. వెనక తొట్టి దగ్గరికి పోయి వేలు నొక్కి నొక్కి రక్తం పిండాడు. బ్లీచింగ్ నీళ్ళలో చేయి మణికట్టు దాకా ముంచి, లోపలే వంద లెక్కపెట్టాడు. మళ్ళీ ముంచాడు. చర్మం తెల్లబడి ముడతలు పడింది. గుడ్డని శుభ్రం చేసేది ఒంట్లోకి పోయినదాన్ని కూడా శుభ్రం చేస్తుందనుకున్నాడు.

చదివేవారు ఇక్కడ ఒక్క మాట గుర్తుంచుకోవాలి. ఇలా సూది గుచ్చుకున్నవాడు చేయాల్సింది పారే నీళ్ళతో, సబ్బుతో కడుక్కోవడం. పిండకూడదు, బ్లీచింగు తగలనివ్వకూడదు. వెంటనే వైద్యుల దగ్గరికి పోవాలి. ఆ జబ్బు రాకుండా అడ్డుకునే మాత్రలున్నాయి. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, డెబ్బై రెండు గంటలు దాటితే లాభం లేదు. ఈ సంగతి తెలిసిన నర్సు మడతన్న నిలబడ్డచోటికి నలభై అడుగుల దూరంలో, ఆ బల్ల వెనక గదిలో ఉంది.

అతను వెళ్ళలేదు. వెళితే ఆ బల్ల మీద కూర్చోవాలి. అక్కడ కూర్చున్నవాణ్ణి ఎలా గుచ్చుకుందని ఎవరూ అడగరు, ఎక్కడికి వెళ్ళొచ్చావనే చూస్తారు. పదేళ్ళుగా అలా చూసినవాళ్ళలో అతనూ ఒకడు.

ఇంటికి వచ్చి అటక మీంచి పాత అల్యూమినియం కంచం దించుకున్నాడు. తినేసి, తన కంచం తనే తోముకున్నాడు. కూతురు దగ్గరికి వస్తే, "ఒళ్ళు నొప్పులమ్మా, అవతల ఆడుకో" అన్నాడు. గుమ్మం దగ్గర పక్క వేసుకున్నాడు. భయం కూడా వేయలేదు. మొద్దుబారిన చేతితో మంచినీళ్ళ గ్లాసు పట్టుకున్నట్టు ఆ రోజుని పట్టుకుని కూర్చున్నాడు. రెండో రోజూ అంతే.

మూడో రోజు పొద్దున్న, పదేళ్ళ కూతురు పలక మీద చుక్కలు పెడుతూ అన్నది. "అమ్మా, నాన్న కంచానికి వేరే పౌడరు ఉంది. ఆసుపత్రి వాసన వస్తోంది. మన కంచాలకి కూడా వేయమను."

అతని భార్య టైలరు కొట్లో కాజాలు కుడుతుంది. వచ్చి భర్త ఎదురుగా కూర్చుంది.

"చెయ్యి చూపించు."

"ఏం లేదు. బ్లీచింగు పడింది."

"బ్లీచింగు పడితే చెయ్యంతా పడుతుంది. వేలి కొస మీద చుక్క పెట్టదు." చేయి గుంజుకుని వెలుతురుకి తిప్పింది. "ఇది సూది. ఇరవై ఏళ్ళుగా నా వేళ్ళు చూసుకుంటున్నాను, నాకు తెలీదా? ఏం సూదయ్యా ఇది?"

అతను చెప్పాడు. నాలుగు మాటల్లో చెప్పాడు. చెప్పి, "నువ్వు అడుగుతావనుకున్నా" అన్నాడు.

"ఏమని?"

"ఎక్కడికి వెళ్ళావని."

ఆమె అతని చెయ్యి వదల్లేదు. "ఎక్కడికి వెళ్తావయ్యా నువ్వు? దుప్పట్లు వదిలి పక్క వీధికి కూడా పోవు." నవ్వలేదు. లేచి చెప్పులు వేసుకుంది. "పద. ఇవాళ నా కాజాలు ఎవరైనా కుట్టుకుంటారు."

లాండ్రీ ముందు నుంచే ఇద్దరూ నడిచారు. ఆ బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. అతను తల వంచుకున్నాడు. ఆమె తల ఎత్తుకుని, వచ్చేపోయేవాళ్ళని ఒక్కొక్కరినీ చూస్తూ కూర్చుంది. మడతన్న బదులు మూటల బండి తోసుకుంటూ పొట్టి బాబాయి అటే వచ్చాడు. చూశాడు. బండి ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది. ఆ రోజు అతను ఏ జోకూ వేయలేదు.

నర్సు వయసు మళ్ళిన మనిషి. కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని చేయి చూసింది.

"గుచ్చుకుని ఎన్ని గంటలయింది?"

"నిన్న... కాదు, మొన్న పొద్దున్న తొమ్మిదికి" అన్నాడు.

"నలభై ఎనిమిది గంటలు. మొదటి గంటలోనే రావాల్సింది. అయినా గడువు దాటలేదు. రేపు ఇదే వేళకి వచ్చుంటే నేను చేయగలిగింది ఏమీ ఉండేది కాదు."

రక్తం తీసింది. డాక్టరుకి చూపించి మాత్రలు తెచ్చింది. ఫలితం ఆ పూటే వచ్చింది. లేదని.

"హమ్మయ్య" అంది భార్య.

"ఆగమ్మా. ఇవాళ్టి కాగితం ఆ సూదికి ముందు సంగతి చెబుతుంది. సూది వల్ల వచ్చిందో లేదో ఇంత తొందరగా ఏ పరీక్షకీ దొరకదు. ఈ మాత్రలు ఇరవై ఎనిమిది రోజులు, ఒక్క పూట కూడా తప్పకూడదు. ఆరో వారం మళ్ళీ పరీక్ష, మూడు నెలలకి ఇంకోటి. కామెర్లు తెచ్చే జబ్బులకి కూడా పరీక్ష చేస్తాం, టీకా వేస్తాం. ఆఖరి పరీక్ష అయ్యేదాకా కండోమ్ లేకుండా కలవకండి, నువ్వు ఎవరికీ రక్తం ఇవ్వకు."

"వచ్చిందంటారా?" అన్నాడతను. ఆ గదిలో అతను అడిగింది అదొక్కటే.

"ఆ జబ్బున్నవాళ్ళ రక్తం అంటిన సూది వెయ్యిమందికి గుచ్చుకుంటే, మందు వాడకపోయినా, సుమారు ముగ్గురికి వస్తుంది. నీకు గుచ్చుకున్నది ఎండిన సూది. ఎవరిదో కూడా తెలీదు. అవకాశం చాలా తక్కువ. తక్కువంటే అసలు లేదని కాదు, అందుకే మాత్రలు. ఒకవేళ వచ్చినా మందులున్నాయి. రోజూ వేసుకుంటూ అందరిలాగే ముసలివాళ్ళయ్యేదాకా బతుకుతున్నవాళ్ళు ఈ బల్ల మీదికి నెలనెలా వస్తూనే ఉన్నారు."

"మరి కంచం?" అంది భార్య. "వేరే కంచంలో తింటున్నాడు. పిల్లని దగ్గరికి రానివ్వడం లేదు."

నర్సు అతని వైపు తిరిగింది. "కంచం వల్ల రాదు. గ్లాసు వల్ల, సబ్బు వల్ల, పక్క వల్ల, పిల్లని ఎత్తుకుంటే రాదు. దోమ కుట్టినా రాదు. రక్తం వల్ల వస్తుంది. వాడిన సూది వల్ల, కండోమ్ లేని కలయిక వల్ల వస్తుంది. మందు వాడని తల్లి నుంచి బిడ్డకి రావచ్చు. అల్యూమినియం కంచం పాతసామాన్లవాడికి ఇచ్చెయ్యి."

జరిగినదాన్ని కాగితం మీద రాసి ఆఫీసుకి పంపాలి. ఆ కాగితం మీద పెద్దక్క సంతకం పెట్టింది. అలా లాండ్రీకి తెలిసింది.

మాత్రలకి కడుపులో తిప్పేది. అతను ఒక్క పూట కూడా తప్పలేదు. ఇంట్లో కూతురు మళ్ళీ ఒళ్ళోకి చేరింది. లాండ్రీలో మాత్రం మధ్యాహ్నం పొట్టి బాబాయి క్యారియర్, ముగ్గురూ కలిసి తినే కిటికీ దగ్గర్నుంచి యంత్రం అవతలికి మారింది. అప్పటిదాకా ముగ్గురికీ ఒకటే మంచినీళ్ళ గ్లాసు, ఇప్పుడు మూడయ్యాయి. పెద్దక్క, "ఎలా ఉంది తమ్ముడూ?" అని దూరం నుంచే అడిగేది. "బాగానే ఉంది" అనేవాడు. ఆరో వారం పరీక్షలోనూ లేదనే వచ్చింది. ఆ మాట ఎవరికీ చెప్పాలనిపించలేదు.

పనివాళ్ళ నీలం చొక్కాలు శనివారం ఒకే గంపలో వేసి ఉతుకుతారు. పదో వారం శనివారం గంపలో రెండు చొక్కాలే ఉన్నాయి. మూడోది పక్కన నేల మీద, విడిగా మూట కట్టి ఉంది.

మీద రెండు ముళ్ళు.

మడతన్న ఆ మూట ముందు కూర్చున్నాడు. కోపం రాలేదు, ఏడుపు రాలేదు. ఆ ముడినే చూశాడు. ఎడమ కొస కింద నుంచి తెచ్చి, కుడి కొస చుట్టి, లాగి మళ్ళీ ఇంకోసారి. చక్కగా వేశారు. నేర్పింది అతనే కదా. ఎన్నేళ్ళుగా ఎవరెవరి దుప్పట్లకో వేశాడు ఆ ముడి! పేపరు తలకిందులుగా పట్టుకున్న మనిషి ఆ రోజు ఏ ఇంటికి వెళ్ళి, ఏ కంచంలో తిన్నాడో. నెమ్మదిగా విప్పి, చొక్కా గంపలో వేశాడు.

మూడు నెలలు నిండిన రోజు నర్సు కాగితం ఇచ్చి, "లేదు. ఇదే ఆఖరి మాట. ఇక పోయి పని చూసుకో" అంది. బల్ల మీద కూర్చున్న భార్య కళ్ళు తుడుచుకుని, కాజాలున్నాయంటూ వెళ్ళిపోయింది. అతను కాగితాన్ని అంచుకి అంచు కలిపి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

లాండ్రీలో మధ్యాహ్నం భోజనాల వేళ. ఇద్దరూ అతని మొహమే చూశారు.

"ఏమొచ్చిందిరా?" అన్నాడు పొట్టి బాబాయి.

మడతన్న జేబులో చేయి పెట్టి మళ్ళీ తీసేశాడు. కిటికీ మీది రేకు డబ్బా తెచ్చి వాళ్ళ మధ్య పెట్టాడు. ఎప్పుడూ నాలుగు మాటలకి మించి మాట్లాడనివాడు ఆ రోజు మాట్లాడాడు.

"ఇందులో పదమూడు సూదులున్నాయి బాబాయ్. ముడి మూటలోంచి వచ్చింది ఒక్కటీ లేదు. ముడికి భయపడి రెండు గ్లౌజులు వేశాం. తెల్లటి దుప్పటిని నమ్మి వట్టి చేయి ఇచ్చాం. రక్తం ఎవరిదైనా ఒకటే జాగ్రత్త. రేపటినుంచి ప్రతి మూటకీ మందం గ్లౌజులు, ఏ మూటకీ ముడి లేదు. ఎవరికి గుచ్చుకున్నా సబ్బుతో కడుక్కుని ఆ గంటలోనే ఆ గదికి పరుగెత్తండి. బల్ల మీద ఎవరు చూస్తారో అని నేను రెండు రోజులు పోగొట్టుకున్నాను. ఇంకొక్క రోజు అయితే ప్రాణమే పందెం పెట్టినవాణ్ణి."

"అది సరేరా... కాగితంలో ఏముంది?"

"ఉందని వస్తే ఎక్కడ తింటావు, లేదని వస్తే ఎక్కడ తింటావు? ముందు అది చెప్పు."

పొట్టి బాబాయి యంత్రం అవతల ఉన్న తన క్యారియర్ వైపు చూశాడు. అంతసేపూ తల వంచుకున్న పెద్దక్క, "ఆ ముడి వేసింది నేనే తమ్ముడూ" అంది. అని లేచి తన క్యారియర్ తెచ్చి అతని పక్కన పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి యంత్రం అవతల క్యారియర్ చప్పుడయింది. పొట్టి బాబాయి కూడా వచ్చి ఎదురుగా కూర్చుని, మడతన్న గ్లాసు తీసుకుని, అందులో నీళ్ళు సగం తాగి కింద పెట్టాడు.

కాగితం జేబులోనే ఉంది. మళ్ళీ ఎవరూ అడగలేదు. యంత్రాలు ఆగి ఉన్నాయి. ముగ్గురూ ఒకచోట కూర్చుని అన్నం తిన్నారు.