మోగితేనే డబ్బు

డాన్యూబ్ నదికి ఆ ఒడ్డున సెర్బియా, ఈ ఒడ్డున మా రొమేనియా ఊరు. మా చర్చికి కొత్త గంట ఆ ఒడ్డు నుంచి లారీలో, చట్రానికి వేలాడుతూ వచ్చింది. దాన్ని పోతపోసిన మిలోరాద్ దిగీ దిగగానే చెయ్యి చాపాడు.

"ముందు మిగతా సొమ్ము. తర్వాతే తాళ్ళు విప్పుతా."

చర్చి లెక్కలు చూసే సాఫ్తా సంచీని చంకలో ఇంకాస్త బిగించింది. ఊరంతా ప్లమ్ పళ్ళ సారా అమ్మి కూడబెట్టిన యూరోలవి.

"కాగితంలో ఏం రాసుకున్నాం అన్నా? సరుకు పరీక్షించుకున్నాకే డబ్బు అని కదా!"

"చూసుకో తల్లీ, ఎవరొద్దన్నారు? ఎలా మెరుస్తోందో!"

"గంటని కళ్ళతో చూస్తారటయ్యా? మోగించాలి."

ఫాదర్ యూస్తిన్ ఉలిక్కిపడ్డాడు. "అపచారం సాఫ్తా! ఆదివారం బిషప్ గారొచ్చి ఆశీర్వదించేదాకా గంట మోగకూడదు. తాతలనాటి పద్ధతి."

పద్ధతే, ఎవరు కాదన్నారు? ఆ పద్ధతికి కట్టుబడే పాత గంటకీ ముందే డబ్బంతా పోశారు. తీరా బిషప్పు ముందు కొడితే పగిలిన కుండలా డొక్కుమంది. అమ్మినవాడు అప్పటికే ఏరు దాటి తెప్ప తగలేశాడు. ఆనాటి నుంచి ఊళ్ళో ప్రతి శవమూ ఆ డొక్కు మోతతోనే సాగింది. మూడేళ్ళ కిందట సాఫ్తా మొగుడు తోదెర్ శవపేటిక లేచినప్పుడు ఎవరో కిసుక్కున నవ్వారు కూడా. ఆ నవ్వు ఆవిడ మర్చిపోలేదు. మర్చిపోయేదీ కాదు.

"మోగించి బాలేదంటే, దీన్ని నెత్తిన పెట్టుకుని పోవాలా నేను?" అన్నాడు మిలోరాద్.

"బాలేకపోతే పోవాల్సిందే. బాగుంటే మాత్రం నువ్వు అడక్కముందే ఇస్తా. అడిగించుకోవడం మా ఇంటావంటా లేదు."

"పాపం చుట్టుకుంటుందమ్మా!" అన్నాడు ఫాదర్.

"నాకే చుట్టుకోనీండి ఫాదర్. పాపం నాది, గంట ఊరిది."

ఆ మొండిఘటం లారీ ఎక్కేసింది. దారిలో కొట్టుకోకుండా గంట నాలుకకి చుట్టిన గుడ్డ ఊడబెరికి, రెండు చేతులా పట్టుకుని ఒక్కటి వేసింది.

అబ్బ, ఏం మోత! కొండదాకా పోయి తిరిగొచ్చింది. వేళకాని వేళ గంట మోగిందంటే మా ఊళ్ళో చావుకబురే. తోటల్లోంచి జనం పరుగెత్తుకొచ్చారు.

"ఎవరు పోయారు? ఎవరే సాఫ్తా?"

ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు. "మా తోదెర్" అంది.

మళ్ళీ కొట్టింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. వద్దన్న ఫాదరే శిలువ గుర్తు వేసుకుని తల వంచాడు.

సాఫ్తా కిందికి దిగింది. మిలోరాద్ టోపీ తీసి నిలబడి ఉన్నాడు, డబ్బు ఊసే ఎత్తలేదు. ఆవిడే అతని చెయ్యి పట్టుకుని సంచీ అందులో పెట్టింది.

"లెక్క చూసుకో అన్నా."