ఓదవ్వ తీర్పు నా కాలి కింద

రికార్డు రూముకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్న పెద్దమనుషులారా, ముందు మీరు జవాబు చెప్పండి. ఒక ముసలామె కోర్టుకెక్కి, చెప్పులరిగేలా తిరిగి గెలుచుకున్న తీర్పును నిచ్చెన కాలి కింద చెక్కముక్కలాగా పెట్టిందెవరు? ఆ రోజు సంతకాలు పెట్టి సామాను దించుకున్నది మీరు కాదా? తెలియదని మాత్రం అనకండి. ఆ నిచ్చెన ఇక్కడే ఉంది, మాట్లాడుతోంది.

నేను ఒక నిచ్చెనను. నా నిలువు కర్రలు మద్దివి, మెట్లు టేకువి. ఒక సా మిల్లులో మిగిలిన చెక్కతో నన్ను చేశారు. చేసిన వడ్రంగి నన్ను గోడకానించి ఒక్కసారి ఎక్కి దిగాడు, "ఏనుగెక్కినా ఇరగదు" అన్నాడు, బేరం తెంచుకున్నాడు. కొన్న మనిషి సాంబయ్య. గోడల మీద రాతలు రాసేవాడు. బీడీ కార్మికుల సమ్మె అయినా, కరెంటు కోతల మీద ధర్నా అయినా, ఊళ్లో ఏ గోడ ఖాళీగా ఉన్నా నన్ను భుజాన వేసుకుని బయలుదేరేవాడు. నేను బడికి పోలేదు. చదువంతా ఆ గోడల మీదే వచ్చింది. 'కావాలి' అనే మాట ముందు నేర్చుకున్నాను, 'దయచేసి' అనే మాట చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను. నా మాట మోటుగా ఉంటే తప్పు ఆ గోడలది.

ఒకనాడు సర్కారు ఆఫీసు గోడ మీద రాస్తుంటే పోలీసులు వచ్చారు. సాంబయ్యను పట్టుకున్నారు, రంగు డబ్బాను పట్టుకున్నారు, నన్నూ పట్టుకున్నారు. మనుషుల తెలివి చూడండి: రాసినవాడికి బెయిలు దొరికింది, నాకు దొరకలేదు. నేను సాక్ష్యాన్ని కదా! వ్యాను మీద నుంచి నన్ను కిందికి విసిరేసినప్పుడు నా ఎడమ కాలు కొస విరిగింది. కేసు నడిచి నడిచి కొట్టుడు పోయింది. అప్పటికి సాంబయ్య బతుకుదెరువుకు వేరే ఊరు పోయాడు, నన్ను తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. దిక్కులేని నన్ను కోర్టువాళ్లు దత్తత తీసుకున్నారు. ఫ్యామిలీ కోర్టు రికార్డు రూములో, పై అరల్లోని కట్టలు దించడానికి, గోడకు నిలబెట్టారు.

కాలు పొట్టి కాబట్టి ఊగేదాన్ని. పాత బిల్డింగు నుంచి కొత్త బిల్డింగుకు రికార్డులు మార్చిన రోజున, ఎవడో చేతికందిన కట్ట ఒకటి తీసి నా ఎడమ కాలి కింద తోశాడు. ఊగడం ఆగింది. అందరూ భేషన్నారు. ఆ కట్టలో ఏముందో ఎవరూ విప్పి చూడలేదు. విడాకులు, మనోవర్తులు, పిల్లల అప్పగింతలు. ఎంతమంది ఏడ్పులో మెత్తగా నా కాలి కింద అణిగి ఉన్నాయి. వాటి మీద నిలబడి నేను చాలా ఏళ్లు పైకి చూశాను.

ఇక ఓదవ్వ సంగతి.

ఓదవ్వ బీడీలు చేసే మనిషి. ఆమె బిడ్డ చనిపోయింది. బిడ్డ కన్న పిల్ల రవళి అప్పుడు అంగన్‌వాడీకి పోయే వయసుది. అల్లుడు రాజలింగు పిల్లను వదిలేసి మహారాష్ట్రలోని భీవండికి, మగ్గాల మీదికి పోయాడు. కొన్నాళ్లకు అక్కడి నుంచే పిల్ల నాదన్నాడు. ఓదవ్వ కోర్టుకొచ్చింది. పిల్ల అమ్మమ్మ దగ్గరే ఉండాలని జడ్జమ్మ తీర్పు చెప్పింది. ఆ కాగితాన్ని ఓదవ్వ దేవుడి గూట్లో దాచుకుంది. చెదలకు దేవుడి గూడని ఏం తెలుసు? తినేశాయి.

ఇప్పుడు రవళి తొమ్మిదో తరగతి, హాస్టల్లో ఉండి చదువుతోంది. రాజలింగు మళ్లీ ఊడిపడ్డాడు. రెండో భార్యకు పసిబిడ్డ పుట్టింది, ఎత్తుకోవడానికి మనిషి కావాలి. జీతమడగని మనిషి కావాలి. అందుకు పిల్ల గుర్తుకొచ్చింది. హాస్టలు మేడం ఓదవ్వతో ఖరాకండిగా చెప్పిందట: "తండ్రి వచ్చి అడిగితే నేనెట్ల ఆపాలె? కోర్టు కాయితం తే, ఆపుత. లేకుంటే అయితారం నాడు తోలియ్యక తప్పది."

ఆ కాగితం కోసం ఓదవ్వ మా కిటికీ దగ్గరికి వచ్చింది. ఇనుప చువ్వల కిటికీ. ఇవతల వేణుమాధవ్ సారు, కాపీల క్లర్కు. అవతల బారెడు లైను. నేను అరల పక్కనే ఉంటాను కనుక అన్నీ వింటాను.

"సారూ, నా మనవరాలి కాయితం కావాలె."

"కేసు నంబరు?"

"నంబరు నాకెట్ల ఎరుక? నా పేరు ఓదవ్వ. పిల్ల పేరు రవళి."

"పేర్లతోని దొరకదవ్వా. నంబరు కావాలె, సాలు కావాలె, ఏ యేడు కేసో."

"మరి కోర్టుల పిలిచేటప్పుడు పేరు వెట్టే మూడు మాట్లు పిలిచిరి గదా! అప్పుడు ఓదవ్వను, ఇప్పుడు నంబర్నా?"

లైనులో నవ్వులు. సారు కూడా నవ్వాడు, కానీ కాగితం ఇవ్వలేదు. ఆమె పోయి, పాత వకీలు ఇంటి నుంచి కేసు వేసిన నంబరూ సంవత్సరమూ పట్టుకొచ్చింది. దరఖాస్తు పెట్టింది. అటెండరు మొగిలి ఆ సంవత్సరం అరలన్నీ వెతికాడు. లేదు. ఎందుకుంటుంది? కేసులు వేసేది ఒక సంవత్సరం, తీర్పులొచ్చేది ఇంకో సంవత్సరం, మా దగ్గర కట్టలు కట్టేది తీర్పు వచ్చిన నెలను బట్టి. లోపలి వాళ్లకు తెలిసిన ఈ ముక్క బయటివాళ్లకు ఎవరూ చెప్పరు. అడిగితే చెబుతారు. ఏమడగాలో తెలిస్తే కదా అడగడానికి!

'రికార్డు దొరకలేదు, దరఖాస్తు మూసివేయడమైనది' అని సారు రాసి నోటీసు బోర్డుకు గుచ్చాడు. ఓదవ్వ పొద్దుగూకులూ ఆ బోర్డు కిందే, గోడకు వీపానించి కూర్చుంది. చదువు రాదు. ఎవరో ఒకరు వచ్చి పిలుస్తారనుకుంది. ఎవరూ పిలవలేదు. చివరికి మొగిలి చూసి చెప్పాడు.

"నా నెత్తి మీద రాసి నాకే చెప్పరా?" అని ఆమె లేచి అరిచిన అరుపు రికార్డు రూములో నా దాకా వచ్చింది. నేను ఎన్ని ధర్నాలు చూశాను! అంత సూటి నినాదం ఒక్కటీ గోడకెక్కలేదు.

మర్నాడు మళ్లీ వచ్చింది. వేరే ఎవరైనా అయితే రారు. లైనులో ఎంతోమంది ఆడవాళ్లు అట్లా ఒకసారి వచ్చి, కొంగుతో ముఖం తుడుచుకుని వెళ్లిపోయినవాళ్లే. ఈమె వచ్చింది.

"అవ్వా, దొరకలేదని రాసిస్తిమి గదా. ఎన్నిమాట్లు తిరుగుతవ్?" అన్నాడు సారు.

"మీకు దొరికేదాంక."

మొగిలి తల గోక్కున్నాడు. వాడు చెడ్డవాడు కాదు. అరిచే మనిషిని చూస్తే వాడికి బుర్ర పనిచేస్తుంది. "అవ్వా, కేసు వేసింది కాదు. తీర్పు ఎప్పుడొచ్చిందో చెప్పు. నెల యాదికున్నదా?"

"ఎందుకు లేదు! ఎంగిలిపూల బతుకమ్మకు ముందటి రోజు. పిల్లను సంకనేసుకొని, కోర్టు ఎనక చెలకల తంగేడుపువ్వు తెంపుకుంట పోయిన. ఆ యేడు వాన లేక చెరువుల నీళ్లు లేవు, బతుకమ్మను బోరు కాడ ఏసినం."

వేణుమాధవ్ సారు పెన్ను కింద పెట్టాడు. "ఆ కరువు సాలా? నాకెరుకే. అప్పుడే నేను ఉద్యోగంల చేరిన." సంవత్సరం తేలింది, నెల తేలింది. మొగిలి నన్నెక్కాడు. ఆ నెల కట్టలు పై అరలో ఉన్నాయి. మొదటిది ఉంది, మూడోది ఉంది. రెండోది లేదు.

"సారూ, నడిమి కట్ట లేదు!"

"మంచిగ చూడు!"

పైన చూస్తున్నారు, పక్క అరలు చూస్తున్నారు, నా మెట్ల మీద ఎక్కుతున్నారు, దిగుతున్నారు. నాకు గొంతుంటే ఆ గది కూలేలా అరిచేదాన్ని. కింద చూడండిరా! నా కాలి కింద! చెక్కకు అంత భాగ్యం లేదు.

ఓదవ్వ తలుపు దగ్గర నేల మీద చతికిలబడి ఉంది. లోపలికి రానివ్వరు కదా, గడప అవతలే. రోజంతా చాట ఒళ్లో పెట్టుకుని కింద కూర్చుని పనిచేసే మనిషి. కుర్చీల మీది వాళ్ల చూపు ఎప్పుడూ పైకి పోతుంది, ఆమె చూపు నేల మీద ఉంది.

"బిడ్డా, ఆ నిచ్చెన కాలు కింద గుడ్డమూట ఏంది?"

"అది ఏం లేదవ్వా, నిచ్చెన ఊగకుండ పెట్టినం."

"ఏం లేదంటే ఎట్ల? కట్టిన తీరు చూడు, పైనున్న మూటల లెక్కనే ఉన్నది. విప్పు!"

మొగిలి దిగాడు. నన్ను పక్కకు జరిపి, ఆ కట్టను లాగాడు. బరువుకు అణిగి రాయిలా అయింది. దుమ్ము కొట్టి చీటీ చదివాడు. చదివి సారు వైపు చూశాడు. సారు వచ్చి తనే ముడి విప్పాడు. రవళి కాగితాలు లోపలున్నాయి, నా కాలి గుర్తు గుండ్రంగా ఆ పేజీలన్నిటి మీదా పడి ఉంది, అక్షరం మాత్రం చెడలేదు.

అయినా అయిపోలేదు. కాపీకి స్టాంపులు పెట్టమని నంబరు మళ్లీ ఆ బోర్డు మీదే వేస్తారు, చూసి వెంటనే కట్టకపోతే దరఖాస్తు మళ్లీ కొట్టేస్తారు. ఈసారి ఓదవ్వ బోర్డు కింద కూర్చోలేదు. ఎదురుగా కూర్చుంది. వచ్చేపోయే ప్రతి నల్లకోటునూ కొంగు అడ్డం పెట్టి ఆపి చదివించుకుంది. "సారూ, నీకు పుణ్యముంటది, నా నంబరు పడ్డదా?" ఒకాయన, "ఏందవ్వా, నాకు కేసులు లేవనుకున్నవా?" అన్నాడు. "ఉంటే కోటు మీద ఇంత దుమ్ము పేరుకోనిస్తవా సారూ!" అంది. ఆయన నవ్వి చదివాడు. నంబరు పడింది. స్టాంపులు పెట్టింది. శనివారం ముద్ర వేసిన కాపీ చేతిలో పడేదాకా ఆ వరండా వదలలేదు.

సోమవారం మొగిలి నా మీద ఉండగా జేబులో ఫోను మోగింది. స్పీకరు నొక్కాడు. ఓదవ్వ గొంతు.

"బిడ్డా మొగిలీ! అయితారం పొద్దుగాల్నే వచ్చిండు బాడుకావు! జీపు మాట్లాడుకొని వచ్చిండు. మేడం కాయితం రెండు మాట్లు చదివింది. చదివి గేటు మూయమన్నది. పిల్ల బడిల్నే ఉన్నది, బిడ్డా! లెక్కల పరీచ్చ రాస్తున్నదట!"

మొగిలి పైమెట్టు మీదే కూర్చుండిపోయాడు. వేణుమాధవ్ సారు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. నేను మళ్లీ ఊగుతున్నానని ఎవరికో గుర్తొచ్చి, "ఇంకో కట్ట పెట్టు" అన్నారు. మొగిలి పెట్టలేదు. రంపం తెచ్చి నా కుడి కాలు కూడా కోశాడు. ఇప్పుడు నేను పొట్టిదాన్ని, కానీ సూటిగా నిలబడ్డాను. ఆ కోత నాకు నొప్పి అనిపించలేదు. ఓదవ్వ లాంటి మనిషిని మోసే యోగ్యత నాకు రాలేదు, కనీసం ఆమె కాగితం మీద నుంచి కాలు తీసుకున్నాను.

కిటికీ అవతల లైను తగ్గలేదు. ప్రతి ఒక్కరూ ఓదవ్వ కారు, కావలసిన అవసరమూ లేదు. అంత మొండితనం ఉంటేనే తన తీర్పు తనకు దొరకడమేమిటి? వినండి. తీర్పు చెప్పిన రోజే ముద్ర వేసిన కాపీ ఆ మనిషి చేతిలో పెట్టండి, ఉచితంగా, తెలుగులో. పేరు చెబితే వెతికి ఇవ్వండి. బోర్డుకు గుచ్చింది గుచ్చినట్టే గట్టిగా చదివి వినిపించండి, కోర్టు హాలులో పిలిచినట్టు పేరు పెట్టి మూడుసార్లు పిలవండి. రేపు కాదు. ఇవాళ పొద్దున తాళం తీయగానే, మొదలుపెట్టండి.