నాంచారమ్మగారి జింకు నీళ్లు

నేను ఒక బకెట్టును. ఇనుప రేకును కరిగిన జింకులో ముంచి తీస్తే పుట్టాను. తుప్పు ముందు ఆ పూతను తిన్నాకే ఇనుము జోలికి వెళుతుంది. అంటే మొదటినుంచీ నా ఉద్యోగం అరిగిపోవడమే.

బందరు బజారులో నాంచారమ్మ నన్ను ఎండకు పట్టి, చిల్లు లేదని తేల్చుకున్నాకే కొంది. తన విషయంలో ఆమెకు అంత పట్టింపు లేదు. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిన పప్పే ఆమె వాటా. మిగలకపోతే మజ్జిగ.

వయసు మీదపడ్డాక నడుము వంగింది. ఒకసారి తలుపు గడియ లాగబోతే మణికట్టు విరిగింది. డాక్టరు చెప్పాడట: ముసలితనంలో పాత ఎముక అరిగినంత త్వరగా కొత్తది కట్టుకోదు, ఆ కట్టుబడికి కాల్షియంతో పాటు కాస్త జింకూ కావాలి, ఈమె ఒంట్లో అది తక్కువ. మాత్రలు రాశాడు.

"మాత్రలెందుకే? రాగి చెంబులో నీళ్లు తాగితే రాగి పట్టదూ? మన బకెట్టు జింకుదేగా," అంది కోడలు విశాలతో.

"అది స్నానాల బకెట్టు అత్తయ్యా."

"తోముకుంటాలే. ఆ మాత్రలు నువ్వేసుకో. నీ మోకాళ్లు నాకంటే ముందే ముసలివయ్యాయి."

నన్ను తళతళా తోమి, నీళ్లు పోసి, రుచికి నాలుగు నిమ్మకాయలు పిండి, రాత్రంతా మూతపెట్టింది. మామూలు నీళ్లకు బెట్టు చేసే నా పూత పులుపుకు ఇట్టే లొంగిపోయింది. ఆమె అడిగిందే ఇచ్చాను. ఒంటికి కావలసింది చిటికెడు. నేను ఇచ్చింది కడుపు తిప్పేంత.

తెల్లవారి రెండు గ్లాసులు తాగింది. కాసేపటికే వాంతి తన్నుకొచ్చి, పెరట్లోకి పరుగెత్తబోయి గడప దగ్గర పడింది. ఎండుపుల్ల విరిగినట్టు చిన్న చప్పుడు. తుంటి ఎముక.

ఆపరేషనుకు గుండె తట్టుకోదన్నారు. విరిగిన ఎముక కదలకుండా కాలికి పట్టీ చుట్టి, దానికి తాడుతో బరువు వేలాడదీయమన్నారు. ఇంట్లో తాడు కట్టడానికి వీలుగా పిడి ఉన్నది నాకే. విశాల నాలో ఒక ఇటుక పెట్టి మంచం చివర వేలాడదీసింది.

"బరువు ఎక్కువైందా అత్తయ్యా?"

"దాన్ని ఊగనివ్వకే. అంతే."

నాలో నిమ్మరసం తిన్నచోట తుప్పు మొదలైంది. ఫ్యాను గాలికి నేను కాస్త కదిలితే చాలు, ఆమె ముఖం ముడుచుకుంటుంది. ఊగకుండా ఉండడమే ఇప్పుడు నా ఉద్యోగం.