మూత లోపలి తేదీలు

అక్క ముందుగదిలో కూర్చుని వారపత్రిక తిరగేస్తోంది. తిరగేస్తోందే గాని చదవడం లేదని ఆ కాగితాల చప్పుడే చెబుతోంది. నేను భోజనాల బల్ల మీద తెల్ల తువ్వాలు పరిచి, కంటికి భూతద్దం బిగించుకుని, బావ చేతిగడియారం ముందు కూర్చున్నాను. బావ పోయి ఏడాది దాటింది. ఆ గడియారానికి రోజూ కీ ఇచ్చి, దిండు కింద పెట్టుకుని, ఆ చప్పుడు వింటూ పడుకోవడం అక్కకి అలవాటైంది. అది ఆగిపోయి అయిదు రోజులు. అయిదు రాత్రులుగా ఆమెకి నిద్ర లేదు.

సాయంత్రానికల్లా నడిపించి ఇస్తానని ఎంత ధీమాగా అన్నానో తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. నా అసలు పని కళ్లజోళ్ల కొట్టులో అద్దాలు అరగదీయడం. గడియారాలు ఆదివారం సరదా. ఆరేళ్ల కిందట నేను మొట్టమొదట విప్పింది ఈ గడియారాన్నే. బాగుచేసి ఇస్తే బావ చెవి దగ్గర పెట్టుకుని విని, ఇక నువ్వు మా ఇంటి డాక్టరువోయ్ అన్నాడు. అప్పటినుంచి ఇంటిల్లిపాదికీ నేను డాక్టరునే. నలుగురు కూడిన చోటల్లా బావ చెయ్యి చాపి, ఇదంతా మా డాక్టరు హస్తవాసి, ఒక్క రోజూ ఆగలేదు అని చెప్పేవాడు. నేను వద్దు వద్దంటూనే ఇంకోసారి చెబితే బాగుండుననుకునేవాణ్ని.

వెనక మూత విప్పాను. బాగుచేసినవాళ్లు మూత లోపలివైపు సూదిమొనతో తేదీ గీసిపెట్టడం ఈ పనిలో ఆనవాయితీ. నేను గీసిన తేదీ వంకరటింకరగా, కావలసినదానికంటే పెద్దగా అక్కడే ఉంది. దాని కింద ఇంకో తేదీ ఉంది. చీమకాళ్లంత సన్నగా, తిన్నగా, చేయి తిరిగిన పనివాడు గీసినది. నా తేదీకి సరిగ్గా మూడు రోజుల తర్వాతది. ఆ కింద అదే చేతివి మరో రెండు, రెండేళ్లకొకటి చొప్పున.

నా వైద్యం మూడు రోజులు నడిచిందన్నమాట. వెయ్యిమందిని చంపినవాడు అరవైద్యుడంటారు. నేను మొదటి రోగినే చంపుకుని, వేరెవరో బతికిస్తే ఆరేళ్లు ఊరేగాను. ఏడుపొచ్చింది. బావ మీద కోపం కూడా వచ్చింది. ఒక్క మాట చెప్పి ఉంటే ఏం పోయేది?

ఆ కోపంలోనే తప్పు చేశాను. గడియారం ఆగినా లోపల కీ బిగిసే ఉంటుంది. పైపలక విప్పేముందు కీ మెల్లగా దింపాలి. ఇది మొదటి పాఠం, కొత్తవాడు కూడా మరచిపోడు. నేను మరచిపోయి పలక మరమేకు తిప్పేశాను. పలక ఎగిరిపడింది, చక్రం జర్రుమని తిరిగింది, కీ వెనక్కి తిరగకుండా పట్టి ఉంచే సన్నటి తీగ ఎటో ఎగిరిపోయింది. వెంట్రుకంత మందం, గోరంత పొడవు. అలాంటిది ఇంకోటి ఎక్కడా దొరకదు.

నా పైప్రాణాలు పైనే పోయాయి. ఊపిరి బిగబట్టి తువ్వాలంతా చూశాను. నేల మీద పాకాను, అయస్కాంతం తిప్పాను, కుర్చీ కాళ్లు తడిమాను. గచ్చు మీద ప్రతి గీతా తీగలాగే కనిపించింది. ముందుగదిలో కాగితాల చప్పుడు ఆగింది.

అక్క గుమ్మంలోకి వచ్చి, బల్ల కిందున్న నన్ను చూసి, ఏం పోయిందని మాత్రం అడిగింది. తేలు కుట్టిన దొంగలా ఉండే ఓపిక ఇక లేకపోయింది. తీగ పోయిందనీ, మూతలో తేదీలు చూశాననీ, గడియారాన్ని ఇలాగే మూటగట్టి ఆ సన్నటి తేదీలు గీసినవాడి షాపుకే పట్టుకెళ్దామనీ ఒక్క గుక్కలో చెప్పేశాను.

అక్క ఫ్యాను ఆపి, నా పక్కనే మోకాళ్ల మీద కూర్చుంది.

"ఆ షాపుకి ప్రతిసారీ తీసుకెళ్లింది నేనేరా. ఎప్పుడాగినా ముందు వాడి చేతికే ఇవ్వు, తర్వాతే షాపుకి, లేకపోతే చిన్నబుచ్చుకుంటాడు అనేవారు మీ బావ. నువ్వేమో ఆ తర్వాత రెండుసార్లూ ఊళ్లో లేవు."

"అయితే ఇప్పుడు వెళ్దాం పద."

"మొన్న వెళ్లొచ్చాను. ఆ పెద్దాయనకి చూపు పోయిందట. ఆ కొట్లో ఇప్పుడు ఫోన్ కవర్లు అమ్ముతున్నారు." టార్చి వెలిగించింది. "నీ తర్వాత ఎవరూ లేరు. వెతుకు."

తీగ నా చొక్కా జేబు అంచున దొరికింది. దాన్ని దాని చోట్లో కూర్చోబెట్టడానికి గంటన్నర పట్టింది. అక్క టార్చి పట్టుకునే ఉంది. నాకు చెమటలు పోశాయి, నాలుగుసార్లు పట్టకారు జారింది. చక్రాల మధ్య ఇరుక్కున్న నూలుపోగు తీసి, నూనె చుక్క వేసి కీ ఇచ్చాను. నడిచింది.

తేదీ గీయవా అని అక్క అడిగింది. మూడు రోజులు ఆగి గీస్తానన్నాను. నవ్వుతుందనుకున్నాను గాని నవ్వలేదు.

ఆ మూడు రోజులూ కొట్లో అద్దాలు రెండు పగలగొట్టాను. ఫోన్ మోగితే చాలు, ఆగిపోయిందన్న కబురే అనుకునేవాణ్ని. నాలుగో రోజు పొద్దున అక్క ఫోన్ చేసింది. హలో అన్నాను. జవాబు లేదు. మళ్లీ అనబోయి, టిక్ టిక్ మని సన్నటి చప్పుడు వినబడి ఆగిపోయాను. ఆమె ఫోన్ గడియారానికి ఆనించి పట్టుకుంది.