అట్టపెట్టెల వైద్యం

కుట్లు తెగి నెత్తురు తెల్ల అట్టమీద పడింది. కాంట్రాక్టరు మనిషి పరుగెత్తుకొచ్చి అట్టను చూశాడు తప్ప చేతిని చూడలేదు. "ఛ, డ్యామేజీ!" అని దాన్ని పక్కకు విసిరేసి నావైపు తిరిగాడు. "రాయమ్మా. చేతికి బలం పెంచే అభ్యాసం, నలభై నిమిషాలు."

రాశాను. తలదించుకునే చెబుతున్నాను, ఆ అబద్ధం రిజిస్టరులో రాసింది నేనే.

ఆ నెత్తురు ప్రెస్సాయనది. ఇనుప రేకులు నొక్కే మిషన్‌లో మూడు వేళ్లు నలిగి మా ఆసుపత్రికి వచ్చాడు. మేం పన్నెండుమందిమి అక్కడ ఆక్యుపేషనల్ థెరపీలో పీజీ చదువుతున్నాం. దెబ్బతిన్న మనిషి మళ్లీ తన పని తాను చేసుకునేలా చెయ్యడం మా చదువు. చొక్కా గుండీ పెట్టుకోవడం, గ్లాసు ఎత్తడం, కూతురికి జడ వెయ్యడం. "నీకేం చేసుకోవాలనుందో ముందు అడగండి, వైద్యం అక్కణ్ణించి మొదలవుతుంది" అని మా మేడమ్ మొదటి క్లాసులోనే చెప్పింది.

వార్డులో ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. గుండీల బోర్డులు, వేళ్లకు పట్టు నేర్పే మట్టిముద్దలు అన్నీ బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ గదిని యాజమాన్యం ఒక కాంట్రాక్టరు చేతిలో పెట్టింది. పొద్దున లారీలోంచి అట్టలు దిగుతాయి. రోగులు వాటిని పెట్టెలుగా మడుస్తారు. సాయంత్రం మళ్లీ లారీ ఎక్కిస్తారు. దీనికి పేరు 'పని ద్వారా చికిత్స'. ఒక్కో విద్యార్థి ఇన్ని పెట్టెలు చేయించాలి, చేయిస్తేనే శిక్షణ గంటల మీద సంతకం. వెయ్యి గంటలు నిండకపోతే పట్టా రాదు.

మేం టైలరు పిన్ని అని పిలిచే ఆవిడకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఎడంచేత్తో అయితే త్వరగా అవుతుందని కాంట్రాక్టరు మనిషి ఆమెతో ఆరువారాలుగా ఆ చేత్తోనే మడిపిస్తున్నాడు.

"అమ్మాయ్, బాగున్న చేతికి పని చెప్పి, బాగులేనిదానికి సెలవిచ్చారు. ఇదేం వైద్యమే?" అంది ఒకరోజు.

వాడని చేతిని మెదడు మెల్లగా మరిచిపోతుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను. ఆమెతో మాత్రం, "ఈ కట్ట అయిపోనీ పిన్నీ," అన్నాను.

నెత్తురు పడిన రోజు మేడమ్ గదికి వెళ్లాను.

"మేడమ్, అక్కడ జరిగేది చికిత్స కాదు."

"నాకు తెలీదా?"

"తెలిసి కూడా..."

"పైనుంచి వచ్చిన ఆర్డరమ్మా. నోరు మూసుకుని గంటలు నింపుకో. పట్టా వచ్చాక నీ ఇష్టం."

ఆవిడకు పట్టా వచ్చి ఇరవై ఏళ్లయింది.

మర్నాడు సాయంత్రం ఆసుపత్రి దుప్పట్లు ఆరేసే చోట పన్నెండుమందిమీ కలిశాం. ఇక పెట్టెలు మడిపించొద్దని నేనన్నాను. ఎప్పుడూ ఫస్టొస్తాడని మేం ర్యాంకు అని పిలిచేవాడు ముందే అడ్డం తిరిగాడు.

"నాకింక తొంభై గంటలే ఉన్నాయి. మా నాన్న సిటీబస్సు తోలి నన్ను చదివిస్తున్నాడు. గొడవలో ఇరుక్కున్నానని ఏ మొహంతో చెప్పను?"

"రేపు మీ నాన్న చెయ్యే నలిగితే?" అన్నాను.

"మా నాన్నను మధ్యలోకి లాగకు!"

"మధ్యలోనే ఉన్నాడురా, నీకే కనపడట్లేదు!"

"మనం చదువుకునేవాళ్లం, కూలీలం కాదు," అంది ఇంకొకతె.

"కాంట్రాక్టరుకు కూలీలమే. జీతం కూడా అడగని కూలీలం."

అంతలో ప్రెస్సాయన బాగున్న చేత్తో పిన్ని చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చాడు. మా మాటలన్నీ విన్నట్టే ఉన్నాడు.

"మా ఫ్యాక్టరీలోనూ ఇంతే. చేతులు లోపలికి పోకుండా అడ్డుండే గార్డు లేని మిషన్ దగ్గర నిలబడనని ఒకడన్నాడు, తీసేశారు. నలుగురన్నారు, నలుగుర్నీ తీసేశారు. షిఫ్టంతా చేతులు కట్టుకుని నిలబడ్డాం. అప్పుడు దిగొచ్చాడు మేనేజరు. రెండు మిషన్లకి గార్డులు పెట్టాడు. చాల్లే అని ఊరుకున్నాం. నా వేళ్లు పోయింది మూడోదాంట్లో."



"మీ గంటలు పోతే ఇంకో ఏడాదికి వస్తాయి పిల్లలూ," అంది పిన్ని. "నా చెయ్యి?"

ర్యాంకూ ఇంకో ఇద్దరూ లేచి వెళ్లిపోయారు. తొమ్మిదిమందిమి మిగిలాం.

సోమవారం అట్టలు దిగాయి. ఎవరూ ముట్టుకోలేదు. బీరువా తాళం అడిగితే మేడమ్, "నన్ను ఇందులోకి లాగకండి," అంటూ వెళ్లిపోయింది. సరే, ఉన్నవాటితోనే మొదలుపెట్టాం. మా దువ్వెనలు, మా గ్లాసులు, ఒంటిమీది చొక్కాల గుండీలు. పిన్ని ఎడంచేతిని తువ్వాలుతో నడుముకు కట్టి కుడిచేతికి చెంచా ఇచ్చాం. నాలుగుసార్లు జారిపోయింది. ఐదోసారి దాన్నో బూతు తిట్టి పట్టుకుంది. గదంతా గొల్లున నవ్వింది.

తర్వాత రిజిస్టరు తీసి నా అబద్ధం కొట్టేశాను. 'అట్టలు మడిపించాం. కుట్లు తెగాయి. చికిత్స జరగలేదు' అని రాశాను. దానికింద తొమ్మిది సంతకాలు పడ్డాయి.

"మడుస్తారా లేదా?" అని కాంట్రాక్టరు మనిషి బల్ల గుద్దాడు. అలవాటు కొద్దీ ఒక ముసలాయన చెయ్యి అట్టమీదికి పోయింది. పక్కాయన మణికట్టు పట్టుకుని ఆపాడు.

"మడవం," అన్నాడు ప్రెస్సాయన.

మధ్యాహ్నానికి ఆర్డరు వచ్చింది. తొమ్మిదిమందిమీ సస్పెండు. ఇప్పటిదాకా చేసిన గంటలన్నీ రద్దు. నావి ఎనిమిది వందల అరవై, ఒక్క గీతతో పోయాయి. ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ప్రెస్సాయన చికిత్సకు సహకరించడం లేదట, డిశ్చార్జి చేశారు. పుండు మానందే కదలనని ఆయన మంచం మీదే కూర్చున్నాడు. సరుకు పాడుచేశాడని ఫిర్యాదు పెట్టి పోలీసులను పిలిచారు. ఒక పోలీసు కట్టు కట్టిన చేతినే పట్టి లాగాడు.

"అది కాదయ్యా, ఇది లాగు," అని ప్రెస్సాయన రెండో చెయ్యి ఇచ్చాడు.

వాళ్ల జీపు వెనకాలే మేం నడిచాం. చక్రాల కుర్చీలు, చేతికర్రలు రోడ్డెక్కాయి. బస్సులు ఆగాయి. కబురంది ఫ్యాక్టరీ షిఫ్టువాళ్లు నూనె మరకల బట్టలతోనే స్టేషన్‌కు వచ్చారు. వాళ్ల వెనక ర్యాంకు.

"నన్ను కొత్త రిజిస్టరు రాయమన్నారు," అన్నాడు. "పాతది చించేస్తారంట." చొక్కా లోపల దాచిన రిజిస్టరు తీసి నా చేతిలో పెట్టాడు. వాడు చేసిన తొమ్మిది వందల పది గంటలు కూడా అక్కడితో సరి.

"ఈయన మీకేమవుతాడు?" అన్నాడు కానిస్టేబులు, కాగితం ముందుకు లాక్కుని.

"అన్న," అన్నాడొక కార్మికుడు.

"తమ్ముడు," అంది పిన్ని.

"బాబాయి," అన్నాన్నేను.

"ఎవరో ఒక్కళ్లు చెప్పండి!"

"ఒక్కళ్లం రాలేదు సార్," అన్నాడు ర్యాంకు.

ఆయన్ను వదల్లేదు. రేపు కోర్టుకు పంపుతామన్నారు. స్టేషన్ మెట్లమీదే కూర్చుని నర్సులతో ఎవరు మాట్లాడాలో, ఫిజియోథెరపీ వాళ్ల దగ్గరికి ఎవరు పోవాలో పంచుకున్నాం.

"ఆయాల సంగతి నాకొదిలెయ్యండి," అంది పిన్ని. "వాళ్ల యూనిఫారాలు కుట్టింది నేనే. రానంటే బిగుతు చేసిపారేస్తా."

తెల్లారి అట్టల లారీ వచ్చేసరికి ఆసుపత్రి గేటు ముందు నేల కనపడలేదు. తెల్లకోట్లు, నీలం యూనిఫారాలు, నూనె చొక్కాలు, కట్లు కట్టిన చేతులు. డ్రైవరు హారన్ కొట్టాడు. ఎవరూ కదల్లేదు. మళ్లీ కొట్టాడు. లోపలినుంచి కాంట్రాక్టరు మనిషి "తోలెయ్ రా! తోలెయ్!" అని అరుస్తున్నాడు.

డ్రైవరు మా వంక చూశాడు, ఆ అరిచేవాడి వంక చూశాడు. ఇంజను ఆపేసి, దిగి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.