ఉత్తరపు గోల్ దగ్గరి మట్టి

కార్వెల్ కాలేజీ ఫుట్‌బాల్ స్టేడియంలో చనిపోయినవాళ్లు ఎందరున్నారో కాలేజీకి తెలియదు, ఊరికి తెలుసు. బతికినన్నాళ్లూ శనివారాలు ఆ బల్లల మీద గొంతు చించుకున్న మనిషి, పోయాక బూడిదై ఆ గడ్డిలోనే కలవాలనుకుంటాడు. కాలేజీ ఒప్పుకోదు. అందుకని ఆట గెలిచాక జనం మైదానంలోకి దూకే సందడిలో, ఇంటివాళ్లు కోటు జేబులోంచి గుప్పెడు గుప్పెడుగా వదిలేస్తారు.

లొరీన్ టాకెట్ తన భర్త వర్జిల్‌ని అలాగే వదిలింది, ఉత్తరపు గోల్ స్తంభాల ముందు. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన విద్యార్థుల పేరిట ఊరంతా తలో చెయ్యీ వేసి కట్టుకున్న స్టేడియం అది. వర్జిల్ తాత దానికి కంచరగాడిదల బండి మీద కంకర తోలాడు. ఇప్పుడు దానికి కొత్త సోకులు కావలసి వచ్చాయి: డబ్బున్నవాళ్లకు అద్దాల గదులు, మెత్తటి కుర్చీలు, నిజం గడ్డి స్థానంలో ప్లాస్టిక్ గడ్డి.

ఊళ్లో సభ పెట్టారు. కాలేజీ అధ్యక్షుడు తెర మీద బొమ్మలు చూపిస్తూ, "మైదానంలో పాత మట్టి మోకాలి లోతున తవ్వి తీసేస్తాం" అన్నాడు. లొరీన్‌ని పక్కనున్న మరిది డెల్బర్ట్ మోచేత్తో పొడిచాడు.

"లే వదినా. అడుగు."

"ఏమని? మా ఆయన్ని దొంగతనంగా పోశాను, కాస్త చూసి తవ్వండి అననా?"

"అంటే ఏం, జైల్లో పెడతారా?"

"అయితే నువ్వే లేచి అడుగు. నీ అన్నేగా."

డెల్బర్ట్ టోపీ సర్దుకున్నాడు కానీ లేవలేదు. ముందు వరసలోని గ్లాడిస్ హాబ్స్ వాళ్ల నాన్నా ఆ గడ్డిలోనే ఉన్నాడు. ఆవిడ గోళ్లు చూసుకుంటోంది. "ఇంకేమైనా సందేహాలా?" అన్నాడు అధ్యక్షుడు. హాలంతా బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది. చివరికి ఎవరో పార్కింగ్ సంగతి అడిగారు. చాలా పెద్దది కడుతున్నాం అన్నాడాయన. అందరూ చప్పట్లు కొట్టారు, లొరీన్ కూడా. ఆ చప్పట్లు తలచుకుంటే ఆమెకు ఇప్పటికీ తన మీద తనకే ఒళ్లు మండుతుంది.

తవ్విన మట్టి ఎంతో దూరం పోలేదు. స్టేడియం వెనక పల్లంలో పోసి, చదును చేసి, మీద తారు పరిచారు. అద్దాల గదులవాళ్ల కార్లకు.

కొత్త సీజన్ మొదటి శనివారం లొరీన్ మడత కుర్చీ చంకన పెట్టుకుని అక్కడికి వెళ్లింది. కాసేపు ఆయన దగ్గర కూర్చోవాలని, అంతే. కాపలా మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు.

"పాస్ ఏదమ్మా?"

"లేదు నాయనా. మా ఆయన లోపలున్నాడు."

"ఆయన్నే పాస్ పట్టుకుని గేటు దాకా రమ్మనండి."

"రాలేడు."

"పోనీ ఏ వరసలో ఉన్నారో చెప్పండి, నేను వెళ్లి చూసొస్తా."

లొరీన్ లోపలికి చూసింది. పెద్ద పెద్ద కార్లు, ఆటకు ముందు విందుకని వాటి వెనక పెట్టిన పొయ్యిల మీద కాలుతున్న మాంసం పొగ, నవ్వులు. ఏ వరసని చెబుతుంది? వెనక కారు హారన్ మోగింది.

"కాస్త పక్కకు జరగండమ్మా" అన్నాడు కాపలా మనిషి, మర్యాదగానే.

లొరీన్ కుర్చీ పట్టుకుని పక్కకు జరిగింది. కారు లోపలికి పోయి, ఖాళీ చూసుకుని ఆగింది. అది వర్జిల్ మీద కాదని ఎవరు చెప్పగలరు.