రసీదు మీద చుక్క

పదకొండు గంటలకు కౌన్సిలర్ల సమావేశం. గురువులు తడిగుడ్డతో పొడవాటి బల్ల తుడిచి, పేరుపలకలు వరసగా పేరుస్తున్నాడు. ఒక్కో పలకనూ పెదవులు కదుపుతూ చదివి మరీ పెట్టడం అతని అలవాటు. యాభై తొమ్మిదేళ్ల మనిషి. బక్కపలచని ఒళ్లు, కాస్త వంగిన నడుము. కుడి బొటనవేలికి గోరు లేదు. మురుగుకాలవ మీది ఇనపమూత పడి ఎప్పుడో ఊడిపోయింది. కలకత్తా దక్షిణపు అంచున, బడ్జ్ బడ్జ్ దారిలో ఉన్న ఆ పురపాలక సంఘంలో ఇరవై రెండేళ్లు కాలవలు తీసి, తర్వాత పన్నెండేళ్లుగా ఆఫీసు బంట్రోతుగా ఉన్నాడు.

కాలవలోంచి అతన్ని పైకి తెచ్చింది నీలిమా దిది. అప్పట్లో ఆవిడ బడిపంతులమ్మ. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన పారిశుద్ధ్య కార్మికుల క్వార్టర్లకు సాయంత్రం పూట వచ్చి, మెట్ల మీద కూర్చుని పెద్దవాళ్ల చేత బెంగాలీ అక్షరాలు దిద్దించేది. గురువులు చెయ్యి పట్టుకుని అతని పేరు రాయించింది. బెంగాలీ 'ర'కు కింద చుక్క ఉండాలి, అతను అది మర్చిపోయినప్పుడల్లా మళ్లీ దిద్దించేది. చదవడం వచ్చింది కాబట్టే బంట్రోతు పని దొరికింది. తర్వాత ఆవిడ కౌన్సిలరయింది. పదేళ్లుగా నీటి కమిటీకి అధ్యక్షురాలు.

ఇవాళ ఆమోదించాల్సిన కమిటీ అధ్యక్షుల కొత్త జాబితాలో ఆ చోట హల్దార్ బాబు పేరుంది. పైపుల కాంట్రాక్టరు. పోయిన ఎన్నికల్లో పార్టీ ఖర్చంతా నెత్తినేసుకుని, తనూ కౌన్సిలరయ్యాడు.

రఘురాం గుమ్మంలోకొచ్చాడు. అతనూ క్వార్టర్లవాడే, ఇప్పుడు హల్దార్ మనిషి.

"మావా, దిది ఇయాల గొడవ సేత్తాదట. నిన్నడిగినా అడుగుతాది. ఏటి సెప్పాలో గురుతుందా?"

"ఉంది."

"పుష్పరాణి కాగితం బాబు బల్ల మీదే ఉంది. సంతకమొక్కటే తరువాయి."

గురువులు బల్ల తుడుస్తూనే ఉన్నాడు. కొడుకు పోయాక ఇల్లు నెట్టుకొస్తున్నది కోడలు పుష్పరాణే. తొమ్మిదేళ్లుగా రోజుకూలికి వీధులూడుస్తోంది. ఎన్నికల ముందు రఘురాం రసీదు పుస్తకం తెచ్చి, పార్టీకి ఇరవై వేలు విరాళం ఇచ్చినట్టు సంతకం పెట్టమన్నాడు. పెడితే ఆమె పని పర్మినెంటు అన్నాడు. గురువులు పైసా ఇవ్వలేదు. అయినా పెట్టాడు. అంతటితో ఆగలేదు, క్వార్టర్లలో మరో ముప్పైమంది చేత తనే పెట్టించాడు. గురువులే పెట్టాడంటే మనకేం భయం అని వాళ్లూ పెట్టారు.

సమావేశం మొదలైంది. గురువులు టీ అందిస్తుండగా నీలిమా దిది లేచి నిలబడింది. ముతక నేతచీర, నెరిసిన ముడి, చేతిలో రసీదుల నకళ్లు.

"హల్దార్ బాబు సొమ్మే ఈ పేదవాళ్ల పేర్ల మీద పార్టీకి చేరింది. దానికి బహుమానం ఈ పదవి. ముందు విచారణ జరిపించండి, జాబితా సంగతి తర్వాత," అంది బెంగాలీలో.

ఛైర్మన్ కుర్చీలో వెనక్కి వాలాడు. "విరాళం ఇచ్చిన మనిషి ఇక్కడే టీ ఇస్తున్నాడు. అతన్నే అడగండి."

ఆవిడ తిరిగి చూసింది. "గురువులూ, ఇరవై వేలు నువ్విచ్చావా?"

అతను ట్రేను బల్ల అంచున ఆనించాడు. ఆవిడ గొంతులో అనుమానం లేదు. ఇవ్వలేదనే చెబుతాడని ఆవిడ నమ్మకం. గురువులు చూపు ఆవిడ మెడ దాకా వెళ్లి అక్కడే ఆగిపోయింది.

"అవును దిది. నేనే ఇచ్చాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ నకళ్లు మడిచి సంచిలో పెట్టుకుంది. చేతులు లేచాయి. అయిదు నిమిషాల్లో జాబితా గట్టెక్కింది.

వరండా చివర కుళాయి కింద గ్లాసులు కడుగుతుంటే వెనక చెప్పుల అలికిడయింది. గురువులు తిరిగాడు. దిది. అతను కుళాయి కట్టేశాడు.

"దిది... పుష్పరాణికి..." అన్నాడు.

"తెలుసు." ఆవిడ కాసేపు అతని తడిచేతుల కేసి చూసింది. "రసీదు మీద నీ సంతకం చూశాను. 'ర' కింద చుక్క మర్చిపోలేదు నువ్వు. పోనీలే, నీ పేరు నేనింకెక్కడా ఎత్తను. భయపడకు."

తిట్టినా బాగుండేది. కమ్మీ పట్టుకుని ఆవిడ ఒక్కో మెట్టూ దిగింది. రోజూ ఆ సంచి అందుకుని గేటు దాకా సాగనంపేవాడు. ఇవాళ అడుగు పడలేదు. వెళ్తూ వెళ్తూ కౌన్సిలరు పదవికి రాజీనామా గుమాస్తా చేతిలో పెట్టిందని మధ్యాహ్నం తెలిసింది.

నాలుగింటికి పుష్పరాణి ఫోను చేసింది. ఆమె గొంతు అంత తేలిగ్గా ఉండగా విని ఎన్నేళ్లయిందో.

"మావయ్యా, కాగితం వొచ్చీసినాది! పర్మినెంటు! ఇది దిది సలవే, నాకు తెలుసు. ఆవిడ కాకపోతే మనకెవులు సేత్తారు? ఆవిడకి నా దండాలని సెప్పు."

"ఆఁ... సెప్తాన్లే," అన్నాడు గురువులు.

ఫోను జేబులో పెట్టుకుని, హాలుకు తాళం వేయడానికి వెళ్లాడు. కిటికీలు మూశాడు. కుర్చీలు ఒక్కొక్కటీ బల్ల కిందికి నెట్టుకుంటూ నీలిమా దిది కూర్చున్న కుర్చీ దాకా వచ్చి నిలబడిపోయాడు. నడుంనొప్పికని ఆవిడ ఇంటి నుంచి తెచ్చుకున్న చిన్న దిండు అందులోనే ఉండిపోయింది. పాతచీరలు పొరలు వేసి కుట్టిన గలేబు, ఊడిన మూలలోంచి తొంగిచూస్తున్న దూది, మధ్యలో ఆవిడ వీపు ఆనిన పల్లం.